మామయ్యకు పసుపు వెలుగే కావాలి, కరెంటు బిల్లేమో రెండొందల యూనిట్లు దాటింది

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఊరు. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు పథకం) వచ్చినప్పటి నుంచి మాకు జీరో బిల్లే వస్తోంది. మొన్న మే నెలలో మాత్రం 212 యూనిట్లు కాలి, మొత్తం బిల్లు కట్టాల్సి వచ్చింది. బల్బులన్నీ ఎల్ఈడీలు చేద్దామంటే మామయ్య ఒప్పుకోవడం లేదు. "ఆ తెల్ల వెలుగు కళ్లలో గుచ్చుకుంటుంది, పైగా ఆర్నెల్లు తిరక్కుండా పోతాయి, పాత బల్బే నయం" అంటారు. వసారాలో, దేవుడి గదిలో, స్నానాల గదిలో 60 వాట్ల పాత బల్బులున్నాయి. మామయ్య పేపరు చదువుకునే కుర్చీ పైన 100 వాట్లది. పడకగదుల్లో రెండు జీరో బల్బులు రాత్రంతా వెలుగుతాయి, వాటికి కరెంటే కాలదంటారు ఆయన. వంటింట్లో సీఎఫ్ఎల్, హాల్లో పాత ట్యూబులైటు. వసారాలో ఒకసారి ఎల్ఈడీ పెట్టి చూశాం. స్విచ్ ఆపినా సన్నగా వెలుగుతూనే ఉండేది, నాలుగు నెలలకే పోయింది. అన్నీ మార్చాలా? మామయ్య చెప్పేదాంట్లో నిజం ఉందా?
– ఒక కోడలు, ఖమ్మం జిల్లా

సమాధానం: అమ్మా, మీ మామయ్య చెప్పిన మూడింట్లో రెండు నిజాలే. తెల్ల వెలుగు పెద్దవాళ్ల కళ్లకు గుచ్చుకుంటుంది. ఎల్ఈడీ తొందరగా పోవడం కూడా మీ ఇంట్లో నిజంగానే జరిగింది, దానికి కారణం ఉంది. జీరో బల్బుకు కరెంటు కాలదన్న మాట మాత్రం నిజం కాదు. ముందు దాని సంగతే చూద్దాం, ఎందుకంటే మీరు తగ్గించాల్సిన పన్నెండు యూనిట్లలో సగానికి పైగా అక్కడే దొరుకుతాయి.

జీరో అన్నది పేరులోనే ఉంది. ఆ చిన్న బల్బు 12 నుంచి 15 వాట్లు లాగుతుంది. అరిగిపోయిన పాత చక్రం మీటర్లు అంత చిన్న లోడును సరిగా పట్టేవి కావు, అందుకే కరెంటు కాలదన్న నమ్మకం పెద్దవాళ్లలో స్థిరపడింది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు దాన్ని వదిలిపెట్టదు. 15 వాట్ల బల్బు రాత్రికి తొమ్మిది గంటలు వెలిగితే నెలకు 4 యూనిట్లు, మీకు రెండున్నాయి కాబట్టి 8. అదే అర వాటు ఎల్ఈడీ నైట్ బల్బులు రెండు పెడితే నెలంతా కలిపి పావు యూనిట్‌కు కాస్త పైన, అంతే. ఇంట్లో అన్నింటికంటే చిన్న బల్బు అది, కానీ అన్నింటికంటే ఎక్కువ గంటలు వెలుగుతుంది. బల్బులు మార్చేటప్పుడు చూడాల్సింది వాట్లు ఒక్కటే కాదు, రోజుకు ఎన్ని గంటలు వెలుగుతోందన్నది. మీ ఇంటి విషయంలో నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు. వసారా బల్బు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా వెలుగుతుందనుకుందాం. 60 వాట్లది నెలకు 9 యూనిట్లు కాలుస్తుంది. దాని స్థానంలో 9 వాట్ల ఎల్ఈడీ పెడితే ఒకటిన్నర యూనిట్ లోపే. మామయ్య కుర్చీ పైన 100 వాట్లది రోజుకు నాలుగు గంటలంటే నెలకు 12 యూనిట్లు, 12 వాట్ల ఎల్ఈడీ అయితే ఒకటిన్నర. వసారా, కుర్చీ, రెండు జీరో బల్బులు... ఈ నాలుగు మార్చితే నెలకు సుమారు 26 యూనిట్లు తగ్గుతాయి. మీ 212 కాస్తా 186 అవుతుంది. ఖర్చు నాలుగైదు వందలు. ఇక స్నానాల గది చూడండి. అక్కడి బల్బు అందరికీ కలిపి రోజుకు గంట వెలిగినా నెలకు 1.8 యూనిట్లే. దాన్ని ఈరోజే తీసేయాల్సిన పని లేదు, అది మాడిపోయిన రోజు ఎల్ఈడీ పెట్టుకోండి.

ఇంత లెక్క ఎందుకు చెబుతున్నానంటే, గృహజ్యోతిలో 200 అన్నది మామూలు స్లాబు లాంటిది కాదు. 200 లోపు ఉంటే జీరో బిల్లు. దాటితే దాటిన పన్నెండుకు మాత్రమే కాదు, మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. 2022 నుంచి ఉన్న రేట్ల ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి రెండొందల యూనిట్లకు 5 రూపాయల చొప్పున, ఆపైన 7 రూపాయల 20 పైసల చొప్పున పడుతుంది. అంటే మీ 212 యూనిట్లకు కరెంటు చార్జీయే వెయ్యీ ఎనభై రూపాయల పైన, మిగతా చార్జీలు అదనం. నాలుగు బల్బుల ఖర్చు దాంట్లో సగం కూడా కాదు.

ఇప్పుడు మామయ్య కళ్ల సంగతి. ఆయన్ని చాదస్తం అని కొట్టిపారేయకండి. పాత బల్బులో టంగ్‌స్టన్ తీగ రెండున్నర వేల డిగ్రీల దాకా కాగి వెలుగుతుంది. నిప్పు వెలుగు అది, అందుకే పసుపు. తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలి వెలుగునిచ్చే చిప్పు. దాని మీద పసుపు పూత వేసి, రెండూ కలిసి తెల్లగా కనిపించేలా చేస్తారు. ఈ నీలి ఎల్ఈడీని సాధించినందుకే ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. పూత పల్చగా ఉంటే వెలుగు నీలం వైపు మొగ్గుతుంది, మందంగా ఉంటే పసుపు వైపు. మన ఊళ్లలో షాపువాళ్లు అడగకుండా చేతికిచ్చేది దాదాపు ఎప్పుడూ మొదటి రకమే. డబ్బా మీద కూల్ డేలైట్ అనో, 6500కె (కెల్విన్, వెలుగు రంగు కొలత) అనో ఉంటుంది. మధ్యాహ్నం ఆకాశంలాంటి ఆ వెలుగులో శుక్లం మొదలైన కంటికి వెలుగు చెదిరి, చుట్టూ తెల్లగా పొగలా కమ్ముకుంటుంది. గుచ్చుకుంటోందని ఆయన అంటున్నది దాన్నే కావచ్చు. దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయా అని ఒకసారి అడగండి. అవునంటే బల్బు ఏదైనా సరే, కంటి డాక్టరుకు చూపించాల్సిందే.

షాపులో "వార్మ్ వైట్ కావాలి" అని అడగండి. డబ్బా మీద 2700కె లేదా 3000కె అని ఉండాలి. అది పాత బల్బు రంగే. తొమ్మిది వాట్లే కాలుస్తుంది, పసుపు వెలుగే ఇస్తుంది. ఎల్ఈడీ అంటే తెల్ల వెలుగే అనుకోవడం వల్ల చాలా ఇళ్లలో ఈ గొడవ నడుస్తోంది, రంగు ఎంచుకోవచ్చని షాపులో ఎవరూ చెప్పరు. పడకగదుల్లో కూడా పసుపే మంచిది. నీలి పాలు ఎక్కువున్న వెలుగు రాత్రిపూట నిద్రను వెనక్కి నెడుతుంది. పిల్లలు చదువుకునే చోట కావాలంటే 4000కె పెట్టండి, తెలుపు పసుపుకు మధ్యన ఉంటుంది.

వెలుగు చాలడం లేదన్న ఫిర్యాదు కూడా వస్తుంది, దానికి ముందే సిద్ధంగా ఉండండి. వంద వాట్ల బల్బు తీసి 9 వాట్లది పెడితే గది మసకబారినట్టే ఉంటుంది. వాట్లు కరెంటు లెక్క, వెలుగు లెక్క ల్యూమెన్లలో ఉంటుంది. మన 60 వాట్ల పాత బల్బు ఇచ్చేది సుమారు 700 ల్యూమెన్లు, వంద వాట్లది 1300 పైన. డబ్బా మీద ల్యూమెన్లు రాసి ఉంటాయి, అవి చూసి కొనండి. వయసు మీరిన కంటికి కుర్రకళ్ల కంటే చాలా ఎక్కువ వెలుగు కావాలి, కాబట్టి మామయ్య దగ్గర పిసినారితనం వద్దు. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, పైకప్పుకున్న బల్బు మీద ఆధారపడకుండా కుర్చీ పక్కనే, ఎడమ భుజం వెనక నుంచి పేపరు మీద పడేలా ఒక లైటు పెట్టడం. దూరం సగమైతే పేపరు మీద పడే వెలుగు నాలుగింతలవుతుంది. అప్పుడు 7 వాట్ల పసుపు ఎల్ఈడీ కూడా ఆయనకు పైనున్న వంద వాట్ల కంటే బాగా కనిపిస్తుంది. బల్బు నేరుగా కంట్లో పడకుండా షేడ్ ఉండాలి.

మీ వసారా ఎల్ఈడీ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. స్విచ్ ఆపినా సన్నగా వెలగడం బల్బు తప్పు కాకపోవచ్చు. స్విచ్ బోర్డులో ఇండికేటర్ లైటున్న స్విచ్ అయితే, దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటుకే ఎల్ఈడీ మిణుకుమంటుంది. అదైతే భయం లేదు. ఇండికేటర్ లేకపోతే అనుమానించాల్సింది వైరింగును. స్విచ్ ఎప్పుడూ ఫేజు తీగను, అంటే కరెంటు తెచ్చే తీగను తెంచాలి. వైరింగు చేసినవాళ్లు పొరపాటున న్యూట్రల్‌ను, అంటే తిరుగు తీగను స్విచ్‌కు ఇచ్చి ఉంటే, స్విచ్ ఆపాక కూడా హోల్డరు దాకా ఫేజు వచ్చి ఉంటుంది. పాత బల్బు పెద్ద లోడు కాబట్టి ఆ తేడా ఎప్పుడూ బయటపడలేదు. ఎల్ఈడీ బయటపెట్టింది. స్విచ్ ఆపాం కదా అని బల్బు మార్చడానికి చేయి పెట్టినవాళ్లకు షాక్ కొట్టే పరిస్థితి ఇది. మీరు టెస్టరు పట్టుకోకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, స్విచ్ ఆపి హోల్డరు దగ్గర టెస్టరు వెలుగుతోందేమో చూడమనండి. వెలిగితే తీగలు అటూ ఇటూ మార్పించండి. అది పది నిమిషాల పని. అది చూసేదాకా ఆ హోల్డరులో ఏ బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపే మార్చండి.

ఇక నాలుగు నెలలకే పోవడం. ఎల్ఈడీలో ముందు పోయేది సాధారణంగా వెలిగే చిప్పు కాదు, కింద తెల్ల ప్లాస్టిక్ భాగంలో ఉండే డ్రైవరు అనే చిన్న సర్క్యూట్. దానికి వేడి శత్రువు. వసారాలో మీ బల్బు గుండ్రటి గాజు డోములో ఉంటే, వేడి బయటికి పోయే దారిలేక ఆ సర్క్యూట్ ఉడికిపోతుంది. పాత బల్బులో సర్క్యూటే లేదు, వేడి దానికి ఒక లెక్క కాదు. డోము తీసేయండి, లేదా కింద మూత లేనిది పెట్టండి. రెండో కారణం కరెంటు హెచ్చుతగ్గులు. వోల్టేజి తగ్గితే మంచి ఎల్ఈడీ తట్టుకుంటుంది. 180 వోల్టులకు పడిపోయిన సాయంత్రం పాత బల్బు వెలుగు సగం కంటే తక్కువకు పడిపోతుంది, ఎల్ఈడీ దాదాపు అలాగే ఉంటుంది. వోల్టేజి పెరిగితేనే ప్రమాదం. న్యూట్రల్ లూజైతే ఇంట్లోకి మూడొందల వోల్టులు కూడా వచ్చేస్తాయి. ఎల్ఈడీలు వరసగా పోతుంటే, ఫ్యాను ఉన్నట్టుండి వేగం పెరుగుతుంటే, బల్బు కంపెనీని తిట్టే ముందు లైన్‌మన్‌కు చెప్పండి, లేదా 1912కు ఫోన్ చేయండి. టీవీ, ఫ్రిజ్ కూడా అదే లైను మీద ఉన్నాయి.

మూడో కారణం నాసిరకం సరుకు. సంతలో కుప్పపోసి అమ్మే పేరులేని బల్బు కొనకండి. డబ్బా మీద బీఐఎస్ (నాణ్యత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఐఎస్ 16102 అన్న సంఖ్య, కరెంటు పొదుపును చెప్పే బీఈఈ నక్షత్రాలు ఉండాలి. వారంటీ ఎన్నాళ్లో చూసి, బిల్లు తీసుకుని, బల్బు ప్లాస్టిక్ మీదే మార్కరుతో కొన్న తేదీ రాయండి. వారంటీ కార్డు పోయినా ఆ తేదీ మీ దగ్గర ఉంటుంది, ఏ కంపెనీది ఎన్నాళ్లొచ్చిందో మామయ్యకే తెలుస్తుంది. ఇంటికి తెచ్చాక బల్బు వెలిగించి ఫోన్ కెమెరాలో చూడండి. తెర మీద నల్ల చారలు గట్టిగా పాకుతుంటే దాని వెలుగు మన కంటికి తెలియకుండా కొట్టుకుంటోందని అర్థం. అలాంటిది చదువుకునే చోట పెడితే తలనొప్పి తెస్తుంది, మార్చి ఇంకోటి ఇమ్మనండి.

ఇదంతా ఖరీదైన వ్యవహారం అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి. 2014లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున కొన్నప్పుడు ఒక్కో ఎల్ఈడీకి 310 రూపాయలు పడింది. 2015 జనవరిలో ఉజాలా పథకం పెట్టి కోట్ల లెక్కన కొనడం మొదలుపెట్టాక, రెండేళ్లలో అదే 38 రూపాయలకు దిగింది. ఇంత వేగంగా చవకైన ఇంటి సామాను ఇంకోటి ఉందా అంటే నాకు తోచడం లేదు.

వంటింటి సీఎఫ్ఎల్‌ను అది పోయేదాకా వాడుకోండి. దానికి 14, 15 వాట్లే కాబట్టి మిగిలేది కొద్దిగానే. ఒకప్పుడు పొదుపు అంటే ఇదే. 2009 ప్రాంతంలో విశాఖపట్నంలో పాత బల్బులకు బదులు ఇంటింటికీ సీఎఫ్ఎల్‌లు పంచిన పెద్ద పథకం నడిచింది. దాని బలహీనత పాదరసం. ఒక్కో దాంట్లో ఉండేది కొద్ది మిల్లీగ్రాములే అయినా, వంటింట్లో పగిలితే చీపురు పట్టకండి, పొడి గాల్లోకి లేస్తుంది. పిల్లల్ని బయటికి పంపి, ఫ్యాను ఆపి, కిటికీలు తెరిచి పది పదిహేను నిమిషాలు ఆగండి. తర్వాత అట్టముక్కతో పెంకులు ఎత్తి, మిగిలిన పొడిని టేపుతో అద్ది, మూత బిగించే సీసాలో వేయండి. మాడిపోయినదాన్ని చెత్తబండిలో వేయకూడదు, అది ఈ-వ్యర్థాల కిందికి వస్తుంది. వంటింటికి కొత్త ఎల్ఈడీ కొనేటప్పుడు సీఆర్ఐ అన్న అంకె 90 ఉన్నది దొరుకుతుందేమో అడగండి. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో ఆ అంకె చెబుతుంది. పాత బల్బుకు అది వందకు వంద, మామూలు ఎల్ఈడీకి 80. రాత్రిపూట కందిపప్పులో రాళ్లు ఏరేటప్పుడు, కూర రంగు చూసేటప్పుడు ఆ తేడా మీకే తెలుస్తుంది.

హాల్లో ట్యూబులైటుకు పాత ఇనుప చోకు ఉంటే అది ఒక్కటే పది పదిహేను వాట్లు తింటుంది, చేయిపెడితే వేడిగా తగులుతుంది. 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్‌కు (పొడుగు పట్టీ లైటుకు) మారితే, రోజుకు ఐదు గంటలు వెలిగే లెక్కన నెలకు నాలుగు యూనిట్ల పైన తగ్గుతుంది. తొందరేమీ లేదు, చోకో ట్యూబో పోయినప్పుడు చూసుకోవచ్చు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. మే నెలలో మీ మీటరును 212కు తెచ్చింది బల్బులొక్కటే కాదు. 75 వాట్ల మామూలు సీలింగు ఫ్యాను రోజుకు 14 గంటలు తిరిగితే నెలకు 31 యూనిట్లు దాటుతుంది. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు మోటారున్న) ఫ్యాను 13 లోపే. రెండున్నర మూడు వేలు పెట్టగలిగిన రోజున రాత్రీపగలూ తిరిగే ఫ్యాను ఒక్కటి మార్చండి. వచ్చే ఎండాకాలం 186 మళ్లీ 200 వైపు పోకుండా ఆపేది అదే.

తీసేసిన పాత బల్బులు పారేయకండి. మీ వైపు పెరట్లో కోళ్లు పెంచే ఇళ్లు చాలా ఉంటాయి. కొత్తగా పొదిగిన పిల్లలకు తల్లికోడి లేకపోతే మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. అక్కడ ఎల్ఈడీ ఎందుకూ పనికిరాదు, 60 వాట్ల పాత బల్బే కావాలి. దాని కరెంటులో వెలుగయ్యేది నూటికి అయిదు పాళ్లే, మిగిలినదంతా వేడే. గడ్డికీ బుట్టకూ తగలకుండా ఎత్తుగా కట్టాలి, లేకపోతే నిప్పు అంటుకుంటుంది.

మామయ్యతో మాట్లాడేటప్పుడు బిల్లు ముందు పెట్టి వాదించకండి. వార్మ్ వైట్ బల్బు ఒకటి తెచ్చి, చీకటి పడ్డాక ఆయన కుర్చీ దగ్గర ఒకరోజు పాతదీ, మరునాడు కొత్తదీ వెలిగించి, ఆయన చేతికే పేపరు ఇవ్వండి. ఏది బాగుందో ఆయన్నే చెప్పమనండి. పడకగదుల్లో నైట్ బల్బు రంగు కూడా అత్తయ్యా ఆయనా కలిసి ఎంచుకోనివ్వండి. దేవుడి గదిలో మాత్రం పాత బల్బే ఉండాలని ఆయన పట్టుబడితే ఉంచేయండి. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట వెలిగితే నెలకు 3.6 యూనిట్లు. మీ లెక్కలో దానికి చోటుంది.